హాలీ పండ్లు కాసిన ఏడాది

పెరట్లో ఉత్తరపు గోడ పక్కనున్న ముళ్ళ మొక్కల్ని ముట్టుకోవద్దు. ఆ ఇంట్లో అడుగు పెట్టగానే పెద్దావిడ నాకు చెప్పిన మొదటి మాట అదే. వంటిల్లు ఎటో, నీళ్ళ ట్యాంకు ఎటో మంచం మీద పడుకునే చెయ్యి చాపి ఆ తర్వాత చూపించింది.

అప్పటికి నేను ఒమన్‌కు వచ్చి కొంతకాలమైంది. మస్కట్ పక్కన అల్ అమెరాత్‌లో ఒకరింట్లో వంటా, ఇంటిపనీ చేసేదాన్ని. మా ఊరు రాయచోటి దగ్గర. బడికి పోయే నా కూతుర్ని మా అక్క దగ్గర వదిలి వచ్చాను. నేను పనిచేసే ఇంటాయన తల్లి జెబెల్ అఖ్దర్ అనే కొండ మీద, వాళ్ళ సొంత ఊళ్ళో ఉండేది. ఆమె మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక మస్కట్‌లోనే ఉండమంటే ససేమిరా అంది. "నెల రోజులు మా అమ్మను చూసుకో, తర్వాత వచ్చేద్దువు" అని ఇంటాయన నన్ను కొండకు పంపాడు. ఆ నెల ఏళ్ళకేళ్ళు సాగింది.

నన్ను తీసుకెళ్ళిన డ్రైవరు కడప అబ్బాయి. ఇంట్లో వాళ్ళది ఉర్దూ, నాతో మాత్రం మా తెలుగే. కొండ కింద చెక్‌పోస్టు దాటాక ఒకటే మలుపులు. నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

"భయపడాకక్కా, పైన సల్లగా ఉంటాది. మన హార్సిలీ కొండలుండవూ, ఆటికి తాత" అన్నాడు.

"మనుషులెట్టాంటోళ్ళు?" అనడిగాను.

"ముసలామె మంచిదే. కూతురుండాది సూడు, ఆయమ్మి ఎవురితో మాట్లాడదు. మాట్లాడినా సెట్లతోనే" అని నవ్వాడు.

ఆ కూతురు నాకంటే రెండు మూడేళ్ళు పెద్దది. ఇంగ్లండులో చదువుకుంది. అక్కడే ఉండిపోవాలనుకుంది గానీ తండ్రి చనిపోవడంతో తల్లి కోసం తిరిగొచ్చింది. పెళ్ళి మాటెత్తితే లేచి వెళ్ళిపోయేది. కొండ మీద ఒక పెద్ద హోటల్లో ఆఫీసు పని చేసేది. ఒక ఏడాది క్రిస్మస్‌కు అలంకరణ కోసమని ఆ హోటల్ వాళ్ళు విదేశం నుంచి హాలీ అనే ముళ్ళ మొక్కల కుండీలు తెప్పించారట. పండగైపోయాక వాటిని వెనకవైపు చెత్త దగ్గర పడేశారు. ఈమె వాటిని కారులో వేసుకుని ఇంటికి తెచ్చి, ఇంట్లో పొద్దంతా నీడ ఉండే ఒకే ఒక్క చోట, ఉత్తరపు గోడ పక్కన నాటింది. కొన్ని చచ్చిపోయాయి. నేను వెళ్ళేసరికి రెండు మిగిలాయి, నా నడుమెత్తు.

మొదటిసారి చూసినప్పుడు నాకు మా చేలగట్ల మీది బలురక్కసి గుర్తొచ్చింది. ఆకు అంచు నిండా ముళ్ళు. బలురక్కసి ఆకు మాత్రం బూడిద పూసినట్టుంటుంది, దీనిదేమో నూనె రాసినట్టు నల్లగా మెరుస్తోంది. మా వైపు కనిపిస్తే పీకి పారేసే మొక్కలాంటిదాన్ని ఈమె ఇంత అపురూపంగా చూసుకోవడమేమిటని లోపల నవ్వుకున్నాను.

నవ్వడం మేకల వల్ల ఆగింది. ఒక మధ్యాహ్నం పక్కింటి మేకలు గోడ దూకి పెరట్లోకి వచ్చాయి. వంటింట్లోంచి చూసేసరికి ఒకటి హాలీ కొమ్మ నోటికందుకుని లాగుతోంది. అంత ముల్లున్న ఆకును ఎలా తింటుందో! పరిగెత్తి దాన్ని నెట్టి, పొదకు అడ్డంగా నిలబడ్డాను. మేకలు పోయాయి గానీ మోచేతుల దాకా గీసుకుపోయింది. కింద రాలిన ఎండాకులు అరికాళ్ళలో గుచ్చుకున్నాయి. ఆ ఆకు పచ్చిగా ఉన్నప్పటికంటే ఎండినప్పుడే ఎక్కువ కోస్తుందని ఆ రోజు తెలిసింది.

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి ఆమె మొదట పొదను చూసింది, ఆ తర్వాత నా చేతులు చూసింది. లోపలికి పోయి మందు తెచ్చి తనే రాసింది.

"మామా నీకు చెప్పలేదా, ముట్టుకోవద్దని?" అంది. వాళ్ళు తల్లిని 'మామా' అంటారు.

"మేకకు ఎవరూ చెప్పలేదు" అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. మంచం మీది పెద్దావిడ ఆ నవ్వు విని ఏమైందేమైందని కేకేసింది. నాది వంటింటి అరబ్బీ, ఆమెది సినిమాలు చూసి నేర్చుకున్న హిందీ. ఆ రెండింటినీ కలిపి ఆ రోజు నుంచి మేం మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. నన్ను 'ఉఖ్తీ' అనేది, చెల్లెలా అన్నట్టు.

హాలీని పెంచడం ఆమెకూ పూర్తిగా తెలియదు. ఫోనులో చదివేది, ప్రయత్నించేది, తప్పులు చేసేది, ఏడ్చేది. ఆ కొండంతా సున్నపురాయి. కాలువలో వచ్చే నీళ్ళు కాచితే గిన్నె అడుగున తెల్లటి పొర కట్టేది. ఆ మట్టీ ఆ నీళ్ళూ హాలీకి పడవు. ఆకు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలేవి. కింద నిజ్వా పట్నంలో ఎరువుల దుకాణం నుంచి ఐరన్ మందు తెచ్చి పోశాం. కప్పు మీద పడే వాన నీళ్ళను డ్రమ్ముల్లోకి పట్టి ఆ పొదలకు మాత్రమే వాడాం. వానల్లేని నెలల్లో ఆ డ్రమ్ముల అడుగు గీకి, చెంబులతో కొలిచినట్టు పోసేదాన్ని. కొండవాలులో ముసలి జునిపర్ చెట్ల కింద రాలిన తుక్కును గోతాల్లో మోసుకొచ్చి మొదళ్ళలో మందంగా పరిచేవాళ్ళం. వేసవిలో ఖర్జూరపు ఆకుల చాపను గోడకు ఏటవాలుగా కట్టి నీడ పెట్టేవాళ్ళం. చలికాలంలో ఎండుకొమ్మలు కత్తిరించే పని ఆమెది, ఏరే పని నాది. నేను ఎక్కువ నీళ్ళు పోస్తే మొహమాటం లేకుండా అరిచేది. నేనూ ఊరుకునేదాన్ని కాదు. "రోజంతా ఇక్కడుండేది నేనా, మీరా?" అనేదాన్ని. పెద్దావిడ మంచం మీద నుంచి, "మొక్కలకు ఇద్దరు సవతి తల్లులు" అని మురిసిపోయేది.

ఆ రెంటిలో ఒకటి మగది, ఒకటి ఆడది. పూలు పూసేదాకా ఆ సంగతి ఆమెకూ తెలియదు. బియ్యపు గింజంత తెల్లపూలు. మొదట్లో పూసినవన్నీ మంచుకు మాడిపోయాయి. మరుసటి ఏడాది వడగళ్ళ వాన రాల్చేసింది. ఆ తర్వాతి వసంతంలో మాత్రం నిలిచాయి. తేనెటీగలు వచ్చాయి. ఆడ పొద నిండా మిరియాల్లాంటి పచ్చికాయలు పట్టాయి. డిసెంబరు వచ్చేసరికి ఎర్రబడ్డాయి. ఎంత ఎరుపంటే, వంటింటి కిటికీలోంచి చూసినా కంట్లో పడేది.

"ఇవి పిట్టలకే, మనుషులు తినకూడదు. తింటే వాంతులవుతాయి" అని ఆమే నాకు చెప్పింది.

ఆ చలికాలపు సెలవులకు మస్కట్ నుంచి అన్న కుటుంబం వచ్చింది. అన్నంటే నన్ను పనిలో పెట్టుకున్న ఇంటాయనే. ఆయన కూతురికి నాలుగేళ్ళు. అల్ అమెరాత్‌లో నేనెత్తుకు తిప్పిన పిల్లే, నన్ను మర్చిపోయింది. మేనత్తను మాత్రం వదిలేది కాదు. అరబ్బీలో మేనత్తను 'అమ్మా' అని పిలుస్తారు. ఆ పిల్ల "అమ్మా" అని అరిచినప్పుడల్లా నేను తల తిప్పేదాన్ని. తిప్పాక నన్ను కాదని గుర్తొచ్చేది. మా అమ్మాయి ఆ మధ్య ఫోనులో నాతో సరిగా మాట్లాడటం మానేసింది. ఏం తిన్నావంటే "అన్నం" అని ఫోను మా అక్క చేతికిచ్చేది.

ఒక శుక్రవారం అన్నా వదినా లోయ చూపించడానికి తమతో వచ్చిన చుట్టాలను తీసుకుని వెళ్ళారు. పిల్ల అత్త దగ్గర ఉంటానంది. నేను వంటింట్లో మాంసం ఉడికిస్తున్నాను. పెద్దావిడ మంచం కిటికీ పక్కన. పెరట్లో అత్తా మేనకోడలూ చాప పరుచుకుని కాఫీ విందు ఆట ఆడుతున్నారు. కహ్వా తాగే చిన్న చిన్న కప్పులు వరసగా పెట్టారు. ఆమె హాలీ పండ్లు కోసి ఒక్కో కప్పులో వేసింది. "ఇది మామాకు, ఇది నాకు, ఇది నీకు" అంటోంది పిల్ల. నేను తలుపులోంచి చూసి నవ్వుకుని మళ్ళీ పొయ్యి దగ్గరికి వచ్చాను. తర్వాత ఆమె ఫోను మోగిన చప్పుడు వినిపించింది. ఇంటి వెనక సిగ్నల్ సరిగా అందదు, హోటల్ ఫోనొస్తే ఆమె ముందు వాకిట్లోకి పోయేది.

"అమ్మా!" అని కేక వినపడింది. ఈసారి ఆ గొంతు వేరుగా ఉంది.

నేను వెళ్ళేసరికి పిల్ల చాప మీద వంగి కక్కుతోంది. తెల్లటి గౌను మీద ఎర్రటి తొక్కలు. ఎత్తుకుని నోరు కడిగాను, వేలు పెట్టి మిగిలిన తొక్కలు తీశాను. ఆమె పరిగెత్తుకొచ్చి పిల్లను నా చేతుల్లోంచి లాక్కుని కారు వైపు పోయింది. కొండ మీదున్న చిన్న ఆస్పత్రికి వెళ్ళేలోపు పిల్ల మత్తుగా తల వాల్చేసిందట. ఆ మధ్యాహ్నమంతా నేనూ పెద్దావిడా ఫోను కోసం కాచుకుని కూర్చున్నాం. ఆమె తస్బీ పూసలు తిప్పుతోంది. నేను చాప కడిగాను. ఎంత కడిగినా ఇంకా ఏదో మిగిలి ఉన్నట్టే అనిపించింది.

పిల్ల బతికింది. వాంతులు తగ్గాయనీ, ప్రాణానికి భయం లేదనీ, ఆ రోజుకు అక్కడే ఉంచుకుని చూస్తామనీ డాక్టర్లు చెప్పారు. కబురు తెలిసి వెళ్ళిన పిల్ల తల్లి అక్కడే ఉండిపోయింది. పొద్దు వాలుతుండగా అన్నా చెల్లెలూ ఇంటికొచ్చారు.

ఆయన నేరుగా వంటింట్లోకి వచ్చాడు. అంతకు ముందు ఎప్పుడూ నా మీద గొంతెత్తని మనిషి.

"నీకు కళ్ళు లేవా? ఇంట్లో నువ్వుండేది దేనికి? నాలుగేళ్ళ పిల్ల విషం తింటుంటే ఏం చేస్తున్నావ్?"

ఆయన వెనక ఆమె నిలబడి ఉంది. చేతిలో పిల్ల స్వెటర్. నేను ఆమె వైపు చూశాను. ఇప్పుడు చెబుతుంది, ఇప్పుడే చెబుతుంది అనుకున్నాను. ఆమె స్వెటర్‌ను మడత పెట్టింది. విప్పింది. మళ్ళీ మడత పెట్టుకుంటూ తన గదిలోకి వెళ్ళిపోయింది.

నేను పొయ్యి వైపు తిరిగాను. ఏం మాట్లాడినా ఆ ఇంటి ఆడపిల్ల మీద పనిమనిషి చాడీ చెప్పినట్టవుతుంది.

పొద్దున్నే అక్కకు ఫోన్ చేశాను.

"ఉన్న మాట సెప్పేయ్ మే" అంది అక్క.

"సెప్తే ఈడ ఉండనిస్తారాక్కా?"

"సెప్పకపోతే మాత్రం ఉండనిస్తారా?"

"పాపకియ్యి" అన్నాను. పాప ఫోను తీసుకుని "ఊఁ" అంది. ఆ ఊకొట్టడం విని ఏడ్చేశాను. అవతల పాప ఫోను మాత్రం పెట్టేయలేదు.

అక్క అన్నట్టే అయింది. పిల్లను ఇంటికి తెచ్చాక ఆయన చెప్పాడు. తనతో పాటు నన్నూ కిందికి తీసుకుపోతాడు, వీసా కాన్సిల్ చేయిస్తాడు, టికెట్ కొని పంపిస్తాడు. అరవలేదు. నెమ్మదిగా, ఇంకేం చెయ్యను అన్నట్టు చెప్పాడు. నేను నా గదిలో బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టాను. సర్దడానికి పెద్దగా ఏమీ లేవు.

అప్పుడు పెద్దావిడ అందర్నీ పిలిచింది. డ్రైవరు కూడా గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆమె దిండుకు ఆనుకుని లేచి కూర్చుంది.

"ఈ పిల్ల వంటింట్లో ఉంది. పండ్లు కోసిందీ, కప్పుల్లో వేసిందీ నీ చెల్లెలు. ఫోనొస్తే వెళ్ళిపోయింది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను" అంది కొడుకుతో. "పిల్ల నోట్లో పెట్టుకోవడం కూడా చూశాను. ఆట అనుకున్నాను. తిట్టాలనుకుంటే ముందు నన్ను తిట్టు" అంది.

కూతురి మొహం పాలిపోయింది. ఆయన తల్లిని చూశాడు, చెల్లెల్ని చూశాడు. నన్ను చూడలేదు. "చాయ్ పెట్టు" అన్నాడు, నా వైపు తిరగకుండానే. క్షమాపణ అంటే ఆయనకు వచ్చినది అంతేనేమో. నేను పోయి చాయ్ పెట్టాను. సర్దిన బట్టలు ఆ రాత్రి మళ్ళీ బయటికి తీసుకున్నాను.

చాయ్ మరుగుతుండగా ఆయన చెల్లెలు వంటింట్లోకి వచ్చి గోడకానుకుంది.

"నువ్వెందుకు చెప్పలేదు?"

"మీరు చెబుతారనుకున్నా."

"నేనూ అదే అనుకున్నా. ఉదయం చెబుదాం అనుకున్నా. ఉదయమయ్యాక సాయంత్రం చెబుదాం అనుకున్నా." ఆమె ఖాళీ గ్లాసొకటి తీసి మళ్ళీ పెట్టింది. "అన్నయ్య నిన్ను పంపేస్తానంటుంటే కూడా నా నోరు పెగల్లేదు."

నేను చాయ్ వడగడుతూ ఉండిపోయాను. ఫర్వాలేదు అనాలని తెలుసు. ఆ మాట నాకూ నోటికి రాలేదు.

పొద ఇంటి దగ్గర ఉండటానికి వీల్లేదన్నాడు ఆయన. అది న్యాయమే. ఆమె ఎవరితోనూ చెప్పకుండా రంపం తీసుకుని పెరట్లోకి పోయింది. రెండు పొదల్నీ నరికేస్తుందని ఆమె మొహం చూస్తేనే తెలుస్తోంది. నేను వెనకే పోయి రంపం పట్టుకున్నాను.

"వదులు."

"మగది కాయదు. దాన్నెందుకు?"

"వదులు అన్నానా!"

"ఆడదాన్ని కింది మడిలోకి మారుద్దాం. నరకొద్దు. తప్పు మీది, మొక్కది కాదు."

నాకొచ్చిన అరబ్బీలో మర్యాదగా చెప్పే మాటలు తక్కువ. ఆ వాక్యం మొండిగానే బయటికొచ్చింది. ఆమె రంపం నా చేతుల్లో వదిలేసి చాప మీద కూలబడి ఏడ్చింది.

ముందు పండ్లన్నీ కోసి బకెట్లో వేసి లోతుగా పాతిపెట్టాను. తర్వాత నేనూ డ్రైవరూ కలిసి పొద చుట్టూ దూరంగా తవ్వి, వేళ్ళ మట్టి విడిపోకుండా గోనెపట్టా కట్టి, ఇంటికి దిగువన ఎవరూ సాగు చేయకుండా వదిలేసిన రాతి మడిలోకి దించాం. "పామును మోసినట్టుండాదక్కా" అన్నాడతను, ముళ్ళకు చేతులు దూరం పెట్టుకుంటూ. మేకలు రాకుండా చుట్టూ కంప వేశాం.

హాలీకి చోటు మారడం గిట్టదు. నెల తిరక్కుండా ఆకులన్నీ రాల్చేసింది. ఎండుకట్టెలా నిలబడింది. నేను డ్రమ్ముల్లోని నీళ్ళు బిందెలతో మెట్లు దింపి పోశాను. తుక్కు మోసుకొచ్చి పరిచాను. గోరుతో బెరడు గీకి చూసేదాన్ని, లోపల పచ్చగా ఉందా అని. పై కొమ్మలు గోధుమ రంగుకు తిరిగాయి. మొదలు దగ్గర మాత్రం పచ్చి మిగిలింది. వేసవిలో రెండు వానలు పడ్డాక నేలకు ఆనుకుని జానెడు చిగుళ్ళు వచ్చాయి. పైనున్నదంతా కోసేశాం, కాదు, కోసేశాను. ఆమె ఆ మడిలోకి రాలేదు.

మా మధ్య మాటలు ఆగలేదు, మారాయి. ఆమె నా మీద అరవడం మానేసింది. నీళ్ళు కావాలన్నా "దయచేసి" అనేది. మస్కట్ పోయొస్తే నాకు అత్తరు తెచ్చేది. చలికోటు తెచ్చింది. ఒక్కొక్కటీ తీసుకుంటున్నప్పుడు నాకు మేకలొచ్చిన రోజుల్లోని తిట్లు కావాలనిపించేది. 'ఉఖ్తీ' అని మళ్ళీ అనలేదు. అనే హక్కు పోయిందనుకుందో ఏమో.

ఆ సెప్టెంబరులో అన్న కుటుంబం మళ్ళీ వచ్చింది. కొండ మీద దానిమ్మలు దిగే కాలం. నేను ఒక పండు ఒలిచి గింజలు పళ్ళెంలో వేసి పిల్ల ముందు పెట్టాను. పిల్ల వెనక్కి జరిగింది.

"ఇవి తింటే కడుపు నొప్పొస్తుంది" అంది.

"రాదమ్మా, చూడు" అని నేను నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాను. పిల్ల నన్ను నమ్మలేదు. గుమ్మంలో నిలబడ్డ మేనత్త వైపు చూసింది. ఆమె చాలాసేపు అక్కడే నిలబడి, తర్వాత వచ్చి మా పక్కన కూర్చుంది. ఒక గింజ తీసుకుని తిన్నది. ఇంకోటి తిన్నది. పిల్ల ఆమె మింగడం కూడా చూసి, అప్పుడు ఒకే ఒక్క గింజ తీసుకుంది.

మరుసటి చలికాలం నేను పని మానేసి ఇంటికి బయల్దేరాను. ఎవరూ పొమ్మనలేదు. పాప ఫోనులో మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టింది, ఇక ఉండబుద్ధి కాలేదు. పెద్దావిడ నా తల మీద చెయ్యి పెట్టి ఏదో దువా చదివింది. డ్రైవరు బండి తెచ్చాడు. సామాను పెట్టాక పెద్దావిడ కూతురు నా దగ్గరకొచ్చి, "ఆ మొక్క ఎక్కడుందో చూపించు" అంది.

రాతి మెట్లు దిగి వెళ్ళాం. పొద మోకాలెత్తు కూడా లేదు. ఆమె కూర్చుని ఒక ఆకును వెనక్కి తిప్పి చూసింది, పసుపు తిరిగిందేమోనని. వాన నీళ్ళే పొయ్యాలనీ, కంప సడలిందా అని చూస్తుండాలనీ, తుక్కు పల్చబడితే మళ్ళీ పరచాలనీ చెప్పాను. అవన్నీ ఒకప్పుడు ఆమె నాకు చెప్పినవే. కొత్తవి విన్నట్టు తలూపింది.

"నేను మర్చిపోతే?" అంది.

"మర్చిపోతే ఎండిపోతుంది" అన్నాను.

కాస్త మెత్తగా చెప్పి ఉండొచ్చు. పైన డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె అక్కడే కూర్చుని ఉంది. నేను మెట్లెక్కి బండి దగ్గరికి పోయాను.